ముళ్ల బుడగ

పత్రికాఫీసు ఎదుట టీకొట్టు బెంచీ మీద రిటైరైన కార్టూనిస్టు కూర్చున్నాడంటే ఇక కోతలకు అడ్డూ ఆపూ ఉండదు. ఆ సాయంత్రం పక్కన ఆయన బావమరిది, ఎదురుగా ప్రెస్సులో అచ్చుయంత్రం నడిపే ఆయన ఉన్నారు.

“చిన్నగానే మొదలైందిలే. పరిగెత్తే కుక్క వెనక నాలుగు గీతలు లాగాను, వేగం తెలియాలని. మర్నాడు పేపరు తిరగేసిన వాళ్లందరికీ మొహాన గాలి కొట్టింది.”

“ఫ్యాను కింద చదివుంటారు,” అన్నాడు కొట్టాయన గ్లాసులు కడుగుతూ.

“విను ముందు. భయపడేవాడి నుదుటి మీద చెమట చుక్కలు వేస్తాం కదా, ఓసారి చెయ్యి కాస్త జోరుగా ఆడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కట్టలకి కట్టలు తడిసిపోతే, పేపర్లు దండేల మీద ఆరేసి అమ్మారు. ఈయన్నే అడుగు.”

“అది పైకప్పు కారిందండీ,” అన్నాడు ప్రెస్సాయన మెల్లగా.

“ఎందుకు కారింది? పై గడిలో నేను మబ్బు వేశాను కాబట్టి. ఇవన్నీ ఒకెత్తు, నా బొమ్మల్లో ఇల్లాలు ఒకెత్తు. అందరి మాటలకీ గుండ్రటి బుడగ వేస్తే, ఆవిడ నోరు విప్పితే మాత్రం బుడగ చుట్టూ ముళ్లు, లోపల లావుపాటి అక్షరాలు. ఓ ఆదివారం ముళ్లు కొంచెం పదునెక్కాయి. పేపరు తెరిచిన ఇళ్లల్లో కిటికీ అద్దాలు పగిలాయి, పొరుగూళ్లో పోతున్న రైలు తననే కసిరారనుకుని ఆగిపోయింది.”

కొట్టాయనా, ప్రెస్సాయనా నవ్వారు. బావమరిది గ్లాసు కింద పెట్టాడు.

“ఆ జారుముడి, కళ్లజోడు, బుగ్గ మీద మచ్చ, అన్నీ మా అక్కవే కదా బావా.”

“పోలిక లేకపోతే పండదు కదయ్యా. సరదాకి వేసిందే.”

“కూరగాయల కొట్లో బేరమాడితే ‘ముళ్లొస్తున్నాయి, జరగండి’ అని నవ్వేవాళ్లట. బేరమాడ్డం మానేసింది. తర్వాత బజారుకే వెళ్లడం మానేసింది. నీ చెయ్యి ఆగిపోతుందని నన్ను నీకు చెప్పనివ్వలేదు. ఇప్పుడు తనే లేదు కాబట్టి అడుగుతున్నాను. మా అక్క గొంతు ఏనాడైనా వీధి గుమ్మం దాకా వినిపించిందా?”

కొట్టాయన నీళ్లు కట్టేశాడు. కార్టూనిస్టు భార్య గొంతు గుర్తుతెచ్చుకోబోయాడు. అన్నానికి పిలిచేది. చొక్కాకి గుండీ ఊడిందని చెప్పేది. మాటలు గుర్తొచ్చాయి గానీ గొంతు రాలేదు. చెవిలో ఏమీ లేదు, కళ్ల ముందు మాత్రం తను రాసిన లావుపాటి అక్షరాలు.

“చెప్పి ఉండాల్సింది,” అన్నాడు. “గుండ్రటి బుడగే వేసేవాణ్ణి.”

బావమరిది ఆయన భుజమ్మీద చెయ్యి వేశాడు.

“ఇదీ కోతే బావా.”