ఎడమ చేతి ముద్ద

హలో… ఆ, నేనే సత్తక్కా, తోమాసు సారునే. చెప్పు.

…

లేదు, కాలేజీ గ్రౌండ్లనే ఉన్న. మీ పిలగాడు కొండల్ గిప్పుడే హాస్టల్‌కు పోయిండు. రేపు ఫైనల్ గదా, జర పండుకో పో అన్న.

…

ఏంది?… ఎడమ చేత్తోటి తిన్నడా?

…

ఆదివారం మందమర్రికి వచ్చిననాడా. ఊఁ… నువ్వు కోప్పడితే దెబ్బ తాకిందన్నడా.

…

దెబ్బ గాదక్కా. నీతోని అబద్ధమెందుకు. మోచెయ్యి వాచింది. మా బేస్‌బాల్ల బంతి విసిరెటోడు ఆటంత విసురుతనే ఉండాలె. గా జోరంత మోచేతి మీదనే పడుతది.

…

తెలుసు. పది రోజుల సంది తెలుసు.

…

తిట్టు. నేను ఏమనుకోను.

…

డాక్టరుకు చూపిచ్చిన. లోపట నరం సగం తెగిందట. ఇంక విసిరితే మొత్తం తెగుతదట. ఐసు పెట్టుకోమని పంపిన వాన్ని, పెట్టుకున్నడా?

…

ఉప్పు మూటతోని కాపినవా… మూడు పూటలు…

…

ఏడ్వకు. నీకేం తెలుసు. మనిండ్లల్ల నొప్పంటే కాపుడే గదా. కాపితే వాపు ఎక్కువైతది, గంతే. చెయ్యి పాడు జేసింది నువ్వు గాదు, నేను. రోజూ నూటయాభై బంతులు ఏపిచ్చింది నేను.

…

చెప్పుడు రాదా అంటే… చెప్పిన, ఆడకురా అని. ఏమన్నడో తెలుసా? ‘నొప్పి అన్నోడు ఆటగాడు గాదని మీరే అన్నరు గదా సార్’ అన్నడు. మా సారు నాకు జెప్పిన మాట అది. నేను తీస్కపోయి గీ పోరగాండ్లకు జెప్పిన.

…

ఔ, నేను గూడ గీ కాలేజీ టీముల బంతి విసిరినోన్నే. ఫైనల్ గెలిచినం. కప్పు ఇంక ప్రిన్సిపాల్ రూముల అద్దాల బీరువల ఉన్నది. నా చెయ్యి గా ఫైనల్ నాడే పోయింది అక్కా. కుడి చెయ్యి నోటి దాక మడవరాదు. నేను గూడ ఎడమ చేత్తోనే తింట.

…

ఎవలకు తెల్వది. ఇంట్ల మా ఆమె షారోన్‌కు తప్ప. పెండ్లిండ్లకు పోత గని భోజనాల బంతిల కూసోను, పద్నాలుగేండ్ల సంది. పిల్లలు నన్ను ఎడమచేతి వాటపోడు అనుకుంటరు. అననీ అని ఊకుంట. నువ్వు ఎడమ చెయ్యి అనంగనే… నా ముద్దే యాదికొచ్చింది.

…

ఎట్ల ఆపాలె చెప్పు. పదకొండు మందిల మిగిలిందే తొమ్మిది మంది, కొండల్‌తోని కలిపి. ఒకడు దుబాయ్ పోయిండు, ఒకడు జరమొచ్చి పడ్డడు. ఎనిమిది మందితోని గ్రౌండ్ల దిగనియ్యరు. దిగకుంటే ఎవలకూ సర్టిఫికెట్ రాదు. మా టీముల మల్లేష్ వాళ్ళవ్వ పొద్దున్నే ఫోన్ జేసింది, గీ కాగితం మీదనే మా పిలగాని నౌకరి అని. ఆమెకేం జెప్పాలె?

…

ఇంటికి తోలుమంటవా… చెప్పి చూసిన. కాళ్ళు పట్టుకున్నడు. నేను గూడ వాని కాళ్ళు పట్టుకుందునా అనిపిచ్చింది.

…

ఆగు, ఆగు… ఫోన్ పెట్టకు. ఒక పని జేస్త. బంతి విసిరేకాడ మల్లేష్‌ను పెడ్త. కొండల్‌ను దూరంగ, గోడ దిక్కు నిలబెడ్త. ఊకెనే నిలబడతడు. లెక్కకు తొమ్మిది మంది ఉంటరు.

…

ఓడిపోతే పోనీ. ప్రార్థన జేసుకొని చెప్తున్న, వాని చేతికి బంతి ఇయ్య. నువ్వు నిమ్మలంగుండు.

…

ఏంది?

…

బంతి వాని దిక్కే వస్తే…

…

అక్కా…

…

వస్తే… విసురుతడు. చేతిల బంతి పడ్డంక ఎట్ల ఆగుతడు? నాకు గూడ డాక్టరు ముందుగాల్నే జెప్పిండు. మా సారు గూడ మంచోడే. ఊకె నిలబడు తోమాసూ అని… నన్ను గూడ గోడ దిక్కే నిలబెట్టిండు.

…

హలో… సత్తక్కా…

హలో…