సుగంధి ఓటు

మేట్టుపాళయంలో అదొక నికెల్ పూత షెడ్డు. ఎన్నో ఏండ్లకు మున్సిపాలిటీ ఎలక్షన్ వచ్చింది. చట్టం ఇచ్చిన సెలవు షెడ్డు ఇయ్యలేదు. పొద్దున్నే ఓటేసి పనికొచ్చిన కూలి ఒకామెను మేస్త్రీ ఆసిడ్ తొట్టి దగ్గరికి పిలిచినాడు.

"ఏందన్నా?"

"ఆ సిరా వేలు తొట్టిలో ఒకసారి ముంచి తియ్. మరక పోతుంది. బయట వ్యాన్ నిలబడుంది, పోయి నీతో పనిచేసే సుగంధి పేరుతో ఇంకో ఓటేసి రా."

"సుగంధి ఓటు నేనెందుకు వెయ్యాల?"

"గోరిమేడు ఆసుపత్రిలో పడుండేది ఎట్లా వేస్తుంది? ఊరికే పోతుంది గదా. ఎలక్షన్లో నిలబడింది మన ఓనర్ తమ్ముడు."

"ఆమె ఆడ ఎందుకు పడుందన్నా?"

"చెయ్యి జారి తొట్లో పడింది. నాకేం తెలుసు?"

"గ్లౌజులు ఇయ్యండని ఎన్నిసార్లు మొత్తుకుంటిమి! అప్పుడు మా వేళ్ళు మీకు కనపడలే. ఇయాళ కనపడినాయా?"

"పెద్ద లీడరమ్మవు! రేపు పనికి రావాలని లేదా నీకు?"

ఆమె ఇంట్లో పొయ్యి వెలిగేది ఈ కూలితోనే. అయినా సిరా వేలును పిడికిట్లో దాచుకునింది.

"ఆమె ఓటు ఆమే వేస్తుంది. మధ్యాన్నం బెల్లు కొట్టినాక ఆటోలో నేనే తీసుకపోతా."

"ఎడమ చెయ్యంతా కట్టే గదా. సిరా యాడ పెడతారు, నీ తలకాయకా?"

"బూత్‌లో అడిగొచ్చినా. కుడిచేతికి పెడతారంట. ఆ చెయ్యి ఇంకా మీ తొట్లో పడలేదన్నా."