గాలిమర కడ్డీ నేను కట్టే ఉంచాను

కొలరాడో రాష్ట్రం, వెక్స్‌లర్ కౌంటీ కోర్టు. 1918 సెప్టెంబరు 13, శుక్రవారం ఉదయం. మెజిస్ట్రేట్ ఎజ్రా కోల్‌బర్న్ గారి ఎదుట ప్రమాణం చేసి చెప్పగా, గుమాస్తా గారు రాసుకున్నది.

నా పేరు లొవీనా బ్రోకాంప్. పుట్టింటి పేరు హాస్కిన్. వయసు ముప్పై ఎనిమిది. వ్యవసాయం. పెళ్లికి ముందు సీడర్ ఫోర్క్ బడిలో టీచరుగా పనిచేశాను. ఏ దేశస్థురాలివి అని గుమాస్తా గారు అడిగారు. మొన్న బుధవారం సాయంత్రం దాకా జర్మనుని. అప్పటి నుంచి అమెరికనుని. నేను వేళాకోళమాడటం లేదు, అలాగే రాయండి. అదెలాగో నేనే చెబుతాను.

నేను పుట్టింది ఈ కౌంటీలోనే. మా అమ్మ పెర్మీలియా హాస్కిన్, ఇప్పుడు డెబ్బై నాలుగేళ్లు, అదిగో ఆ బల్ల మీద కూర్చుంది. ఆడవాళ్లకు ఓటు కావాలని 1893లో మా అమ్మ గడప గడపా ఎక్కి దిగింది. అప్పుడు నాకు పదమూడేళ్లు. కరపత్రాల సంచీ మోసింది నేనే. కొన్ని ఇళ్లలో మా మీదకు కుక్కల్ని వదిలారు. ఆ ఏడాది ఓటు వచ్చింది. నాకు ఇరవై ఒకటి నిండినప్పటి నుంచి ప్రతి ఎన్నికకూ ఓటు వేశాను. 1914లో ఓటర్ల పేర్లు రాసుకునే పని కూడా నాకే ఇచ్చారు.

1915 ఏప్రిల్‌లో డెట్లెఫ్ బ్రోకాంప్‌ను పెళ్లి చేసుకున్నాను. ఆయన పదహారేళ్లకు జర్మనీ నుంచి వచ్చి, ముప్పై రెండేళ్లుగా ఇక్కడే గోధుమ పండిస్తున్నాడు. పెళ్లినాడు పాస్టరు చాలా సంగతులు చెప్పాడు. మొగుడిది ఏ దేశమైతే పెళ్లాందీ అదే దేశమని చట్టం ఉందని మాత్రం చెప్పలేదు. మరుసటి ఏడు ఓటు వేయడానికి వెళ్తే, నేను పాఠాలు చెప్పిన గదిలోనే, నా పేరు కొట్టేశామని చెప్పి తిప్పి పంపారు.

డెట్లెఫ్ పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకున్నాడు. ఆలస్యంగా పెట్టాడు, నిజమే. ఇద్దరు పౌరులు వచ్చి ఈయన మంచివాడని కోర్టులో చెప్పాలి. ఒకరు మా చర్చి పెద్ద. రెండోవాడు మా పొరుగు రైతు ఆర్వెల్ స్టిట్. 1916 సెప్టెంబరులో కేసు పిలిచిన రోజున ఆర్వెల్ రాలేదు. నేను చెబుతానని లేచాను. నువ్వు పౌరురాలివి కావు, కూర్చో అన్నారు. ఆయన్ని పెళ్లాడకుండా ఉంటే ఆయన తరఫున సాక్ష్యానికి పనికొచ్చేదాన్ని.

ఆర్వెల్ సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. "ఎలా వచ్చేది డెట్లెఫ్? సంతలో మా ఆబోతుకు మొదటి బహుమతి గదా!" అన్నాడు. మా ఆయన చెయ్యి కలిపి అభినందించాడు. ఆయన అలాంటివాడు. నేను కాదు.

కేసు ఏప్రిల్‌కు వాయిదా పడింది. ఆ ఏప్రిల్‌లోనే జర్మనీతో యుద్ధం వచ్చింది. ఇక జర్మన్ల దరఖాస్తులు చూడం అన్నారు. మేమిద్దరం శత్రుదేశస్థులమయ్యాం. ఈ జూన్‌లో పోస్టాఫీసుకు వెళ్లి, శత్రువుల పట్టీలో పేరు రాయించి, టోపీ తీసి ఫోటో ఇచ్చి, పది వేళ్ల ముద్రలూ వేసి వచ్చాను. మా అమ్మ నా వెంట వచ్చింది. "ఏవయ్యా పోస్ట్‌మాస్టరూ, దీన్ని కన్నది నేను. ఏ దేశంలో కన్నానో నాకు తెలీదా?" అని అడిగింది. ఆయన నా వేళ్లకు సిరా రాస్తూనే ఉన్నాడు.

ఇక మొన్న మంగళవారం సంగతి. అభ్యర్థులను ఎంచుకునే తొలి విడత ఎన్నిక అది. మా అమ్మకు చూపు ఆనదు. బండిలో తీసుకెళ్లి, ఓటు చీటీ చదివి పెట్టడానికి తోడు వెళ్లవచ్చా అని అధికారిని అడిగాను. ఆయన మా అమ్మను చూసి, "వెళ్లండి, త్వరగా కానివ్వండి" అన్నాడు. తెర వెనక్కి వెళ్లి పేర్లు చదివాను. షెరీఫు పదవికి, ఇప్పుడా పదవిలో ఉన్న బర్ల్ టాకెట్ పేరు చదివాను. మా అమ్మకు చూపు తగ్గింది గాని గొంతు తగ్గలేదు.

"పట్టిన సారా అంతా తనే తాగేవాడికా! వాడి పేరు పక్కన గీత పెట్టేకంటే నా చెయ్యి నరుక్కుంటా. కింది పేరు చదువమ్మాయ్," అంది.

గదిలో ఉన్నవాళ్లు నవ్వారు. ఆర్వెల్ స్టిట్ వరసలో నిలబడి ఉన్నాడు. అతను నవ్వలేదు. "శత్రువు పెళ్లాం తెర వెనక దూరిందిరోయ్!" అని అరిచాడు. గీత పెట్టింది నా చెయ్యే, చెప్పింది మా అమ్మ. అది నేరమైతే ఒప్పుకుంటున్నాను.

బుధవారం, సెప్టెంబరు 11. సాయంత్రం నాలుగు గంటలకు రెండు బళ్లు మా వాకిట్లోకి వచ్చాయి. ఒకటి షెరీఫు టాకెట్ కారు. రెండోది ఆర్వెల్ స్టిట్ ట్రక్కు. ట్రక్కులో ఆర్వెల్‌తో పాటు డ్యూయీ క్రమ్, లైల్ పారిష్, వెర్నన్ గిబ్ ఉన్నారు. ఆ ముగ్గురి పేర్లూ ఎలా రాయాలో నన్ను అడగండి గుమాస్తా గారూ. వాళ్లకు రాయడం నేర్పింది నేనే.

నేను వెన్న చిలుకుతున్నాను. ఏప్రన్ కట్టుకుని ఉన్నాను. డెట్లెఫ్ గుర్రాలకు నీళ్లు పెడుతున్నాడు. టాకెట్ కారు దిగలేదు.

"ఏమోయ్ డచ్చోడా, మీ ఆవిడ నిన్న మా ఎన్నికలో వేలు పెట్టింది. నీ దేశభక్తి ఏపాటిదో చూసి పోదామని వచ్చాం," అన్నాడు. జర్మన్లందరినీ వాళ్లు డచ్చోళ్లనే అంటారు.

ఆర్వెల్ ట్రక్కులోంచి జెండా తీశాడు. గాలిమర ఎక్కి పైన కట్టమన్నాడు. మా గాలిమర నూతి నీళ్లు తొట్టిలోకి తోడుతుంది, ఇనుప నిచ్చెనది, చుట్టుపక్కల దానికంటే ఎత్తయినది లేదు. చక్రం కింద మనిషి నిలబడేందుకు ఒక చెక్క పీట ఉంటుంది, అంతే. నేను అడ్డం వెళ్లాను. డెట్లెఫ్ నన్ను పక్కకు జరిపాడు.

"కడతానయ్యా. జెండా కట్టడం నాకు సిగ్గా? ముందే అడిగి ఉంటే ముందే కట్టేవాణ్ణి," అన్నాడు.

గాలిమర ఉన్న ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇప్పుడు చెబుతాను. కింద ఒక కడ్డీ ఉంటుంది. దాన్ని లాగి కట్టేస్తే చక్రం గాలికి పక్కకు తిరిగి ఆగిపోతుంది. వదిలితే గిర్రున గాలికి ఎదురు తిరిగి, పీట మీద ఏముంటే దాన్ని ఊడ్చేస్తుంది. మనిషి పైకి ఎక్కేటప్పుడు కడ్డీ కట్టకుండా ఎవరూ ఎక్కరు. మా కొక్కెం అరిగిపోయింది. అందుకని కడ్డీ లాగి కొక్కెం వేసి, నా ఏప్రన్ విప్పి, దాని నాడాతో కొక్కెం మీద రెండు ముళ్లు వేశాను. డెట్లెఫ్ ఆ ముళ్లు లాగి చూసుకున్నాకే ఎక్కాడు. కడ్డీ కట్టే ఉంది.

ఆయన పైకి చేరాడు. జెండా కట్టాడు. కట్టాక, "లొవీనా, ఇక్కణ్ణుంచి మీ బడి కనబడుతోందే!" అని పిలిచాడు. ఆయన గొంతులో భయం లేదు. అది నాకు ఇంకా వినబడుతోంది.

టాకెట్ కారులోంచే పాట పాడమన్నాడు. మా ఆయన దేశగీతం మొదలుపెట్టి, మధ్యలో మాటలు తట్టక ఆగాడు. వీళ్లు నవ్వారు. "తర్వాతి మాటలు మీలో ఎవరికి వచ్చురా?" అని అడిగాను. ఎవరికీ రావు. లైల్ పారిష్ తల దించుకున్నాడు. అందుకని కింద నిలబడి నేనే అందుకున్నాను, ఆయన నాతో పాటు పాడతాడని. పాడాడు కూడా.

ఆర్వెల్ కడ్డీ దగ్గరకు వెళ్లి కూర్చున్నాడు. "కాస్త గాలాడనివ్వండ్రా డచ్చోడికి," అన్నాడు. అటు తిరిగాను. అతని చేతిలో కత్తి ఉంది. నాడా తెగి కింద ఉంది. నేను అరిచేలోపే కొక్కెం జారింది, చక్రం తిరిగింది. ఆర్వెల్‌కు గాలిమర లేకపోలేదు. అతని పెరట్లో రెండున్నాయి.

డెట్లెఫ్ తొట్టి పక్కన పడ్డాడు.

టాకెట్ అప్పుడు దిగాడు కారు. "ఎవరూ తోయలేదు. కాలు జారింది, చూశారుగా," అన్నాడు. చూశాం అన్నారు. తిలాపాపం తలా పిడికెడు. డాక్టరును పంపమని అడిగాను. పంపుతానని వెళ్లాడు. డాక్టరు రాలేదు. తనకు ఎవరూ కబురు చెప్పలేదని డాక్టరు నిన్న నాతో అన్నాడు.

మా ఆయన తల నా ఒళ్లో ఉంది. పైన చక్రం తిరుగుతూనే ఉంది. తొట్టి నిండి, నీళ్లు పొర్లి, మా ఇద్దరి కిందా బురదయింది. "చక్రం ఆపవే, నీళ్లన్నీ దండగవుతున్నాయి," అన్నాడు. ఆయన తల కింద పెట్టి వెళ్లలేకపోయాను. కాసేపటికి మళ్లీ అదే మాట అన్నాడు. పొద్దు గూకే వేళకు ఇక అనలేదు. అప్పుడు వెళ్లి కడ్డీ లాగి కట్టాను.

గురువారం ఉదయం చావు ఎలా జరిగిందో తేల్చడానికి ఆరుగురు వచ్చి నా వంటింట్లో కూర్చున్నారు. ఆరుగురూ మగవాళ్లే. మా రాష్ట్రంలో ఆడది ఓటు వేసి పాతికేళ్లయింది గాని, జ్యూరీలో కూర్చోవడానికి మాత్రం ఇంకా పనికి రాదు. ఆరుగురిలో ఒకడు హోయ్ట్ స్టిట్, ఆర్వెల్ తమ్ముడు. నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. కాఫీ మాత్రం రెండోసారి అడిగారు. మృతుడు కడ్డీ కట్టడం మరిచి ఎక్కాడు, ప్రమాదం, అని రాశారు. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకుంటాం? కడ్డీ కట్టే ఉంది. నేనే కట్టాను.

ఆ సాయంత్రం కౌంటీ ప్రాసిక్యూటరు క్లెమెంట్ యోస్ట్ గారు టైపు చేసిన కాగితంతో వచ్చారు. నా వాంగ్మూలమట, నేను చెప్పకముందే తయారైంది. దేశభక్తితో జెండా కట్టడానికి ఎక్కి, కడ్డీ కట్టని కారణంగా నా భర్త పడిపోయాడని అందులో ఉంది.

"నాడా సంగతి ఏదండీ?" అన్నాను.

"చూడు టీచరమ్మా, నీ మంచికే చెబుతున్నా. భర్త చనిపోతే చట్టం ప్రకారం నీ పౌరసత్వం నీకు తిరిగొచ్చేస్తుంది. నిన్నటి నుంచి నువ్వు అమెరికనువి. నవంబరులో ఓటు కూడా వేసుకోవచ్చు."

"మరి మంగళవారం?"

"మంగళవారం శత్రుదేశస్థురాలివే. ఓటు తెర వెనక్కి వెళ్లావు. అది పెద్ద కేసమ్మా. శిక్ష పడితే ఇక జన్మలో ఓటుండదు. ఈ కాగితం మీద సంతకం పెట్టావనుకో, ఆ కేసు నేను మరిచిపోతా."

అమ్మ పక్క గదిలోంచి, "ఆ మనిషికి కాఫీ పొయ్యకు లొవీనా!" అని కేకేసింది. పొయ్యలేదు.

రాత్రంతా ఆ కాగితం బల్ల మీదే ఉంది. అయ్యా, నేను మనిషినే. నాకు ఆశ పుట్టింది. పదమూడేళ్ల వయసులో సంచీ మోసి తెచ్చుకున్న ఓటు అది. రెండేళ్లుగా ఆ బడి ముందు నుంచి తల దించుకుని పోతున్నాను. సంతకం పెడితే వస్తుంది. మా ఆయన ప్రాణం పోయి నా దేశం నాకు వచ్చింది. దాన్ని నిలుపుకోవాలంటే ఆయన్ని మతిమరుపు వెధవగా రాసివ్వాలి. అది నావల్ల కాదు. ఆ కాగితం పొయ్యిలో పెట్టి పొద్దున కాఫీ కాచుకున్నాం.

నా ఏప్రన్ తెచ్చాను. ఇదిగో, మీ ముందు పెడుతున్నాను. తెగిన చోట చూడండి. దానంతటది తెగిన నాడాకు పోగులు లేస్తాయి. దీనికి లేవలేదు. నా రెండు ముళ్లూ అలాగే ఉన్నాయి. అవి విప్పలేక కోశాడు.

జెండా ఇంకా గాలిమర మీదే ఉంది. ఎక్కి దింపడానికి వాళ్లలో ఎవరూ రాలేదు. ఎవరైనా వస్తే కడ్డీ నేను కట్టి పట్టుకుంటాను. ఆర్వెల్ వచ్చినా సరే.

మంగళవారం నాటి ఓటు మీద కేసు పెట్టుకోమనండి. పెట్టకపోతే నవంబరు అయిదున అమ్మనూ నన్నూ అదే బడిలో చూస్తారు. షెరీఫు పదవికి టాకెట్ పేరు ఆ చీటీలోనూ ఉంటుంది. ఈసారి నా చీటీ నేను చదువుకుంటాను.

రాసినదంతా గుమాస్తా గారు నాకు చదివి వినిపించారు. ఒకచోట "కడ్డీ కట్టి ఉండవచ్చు" అని రాశారు. కొట్టించి, "కట్టే ఉంది" అని రాయించాను. ఇక ఇందులో నేను చూడనిదీ చెయ్యనిదీ ఒక్క ముక్క లేదు. ఎవరూ బెదిరించి చెప్పించలేదు. బెదిరించినవాళ్లు చెప్పవద్దనే బెదిరించారు.

సంతకం: లొవీనా హాస్కిన్ బ్రోకాంప్.

సంతకం చాలన్నారు గుమాస్తా గారు. అయినా దాని కింద బొటనవేలి ముద్ర కూడా వేస్తున్నాను. దీని జోడీ జూన్ నుంచి పోస్టాఫీసులో ఉంది, శత్రువుది అని రాసి. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, అయ్యా. ఎక్కడైనా తేడా కనబడితే నాకు కబురు పెట్టండి.