తుపాకీకి ఈసీ తీయించిన ఆదినారాయణ గారు

కొత్తపేటలో రిజిస్ట్రారు ఆఫీసుకి ఎదురుగా ఎలీసమ్మ టీ కొట్టు ఉంది. ఆఫీసు తలుపులు తెరిచేదాకా దస్తావేజులు రాసేవాళ్ళూ రాయించుకునేవాళ్ళూ అక్కడే కూర్చుంటారు. ఆదినారాయణ గారు దస్తావేజులు రాయడంలో చెయ్యి తిరిగిన మనిషి. ఆయన రాసిన కాగితంలో తప్పు దొరకదు. ఆయన చెప్పిన కబురులో నిజం దొరకదు. రెండూ ఊరందరికీ తెలుసు.

ఆ రోజు ఆయన సంచిలో ఒక అద్దె కాగితం ఉంది. పండక్కి కోడిపందేల బరి వెయ్యడానికి తన కొబ్బరితోట నాగబాబుకి ఇస్తున్నారు. కాగితంలో పందెం అన్న మాట లేదు, గ్రామీణ క్రీడలు అని ఉంది. నాగబాబు వచ్చి సంతకం పెట్టడమే తరువాయి.

ఆ సంగతి ఎలీసమ్మకి తెలుసు. ఆమె భర్త దానం కోళ్ళ కాళ్ళకి కత్తులు కట్టే మనిషి. కిందటేడు అదే తోటలో, కత్తి కట్టిన కోడి చేతిలోంచి ఎగిరి అతని మణికట్టు కోసేసింది. ప్రాణం దక్కింది గానీ కుడిచేతి వేళ్ళు సరిగ్గా ముడుచుకోవు. అయినా ఈ ఏడు నాగబాబు కబురంపితే వస్తానన్నాడు. కత్తులు లేకుండా ఆడే డింకీ పందేలు మాత్రమే పెట్టించమని ఆదినారాయణ గారిని అడగాలని ఆమె పొద్దుటి నుంచీ చూస్తోంది. ఆయన నోరు ఖాళీ అయితే కదా.

బల్ల మీద ఏసుపాదం మాస్టారు పేపరు చదువుతున్నారు. బడి నుంచి రిటైరయ్యేక ఆయన రోజూ వార్తలు పైకి చదివి పదిమందికీ వినిపిస్తారు. ఏదో దేశంలో ఆయుధాల అమ్మకాలని అదుపు చెయ్యడానికి కొత్త చట్టం వచ్చిందని చదివేరు. అది చాలింది.

"ఆ చట్టం ఉంది చూసేరూ, మాస్టారూ, దానికి ముగ్గు వేసింది నేనే," అన్నారు ఆదినారాయణ గారు, గ్లాసు పక్కన పెట్టి.

మాస్టారు పేపరు మడిచేరు. ఇంకో ఇద్దరు బల్ల దగ్గరికి జరిగేరు.

"గొప్పకి చెప్పుకోవడం లేదండి, చిన్న పనే. దిండిలో రిసార్టు లేదూ, అక్కడ ఒక దీవి దేశం నుంచి న్యాయశాఖ అధికారి ఒకాయన దిగేడు. వాళ్ళదీ కొబ్బరి దేశమేనంట, మన పీచు పరిశ్రమ చూద్దామని వచ్చేడు, వస్తూ వస్తూ ఆఫీసు కాగితాలు కూడా మోసుకొచ్చేడు, మన వీధిలోనే జిరాక్సు తీయించుకుంటున్నాడు. నేను పక్కన నిలబడ్డాను. ఒక్క చూపు చూసేను. అయ్యా, మీ కాగితంలో హద్దులు లేవు అన్నాను. అంతే. అంతకంటే ఏవీ చెయ్యలేదు."

ఏ భాషలో అన్నారని మాస్టారు అడిగేరు.

"భాషదేవుందండీ, వేలు పెట్టి చూపించేను. తూర్పు లేదు, పడమర లేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆయన నా రెండు చేతులూ పట్టుకుని కష్టం చెప్పుకున్నాడండి. ప్రపంచ దేశాలు కలిసి ఆయుధాల వ్యాపారం మీద ఒప్పందం రాసుకున్నాయంట, ఎవడికి పడితే వాడికి తుపాకులు అమ్మకూడదని. వీళ్ళ దేశం సంతకం పెట్టేసింది. కానీ ఒప్పందం మీద సంతకం అంటే బయానా లాంటిది, దాంతో ఇల్లు మనదైపోదు కదా. తిరిగొచ్చి సొంత దేశంలో చట్టం చేసుకోవాలి. లైసెన్సు ఎవరివ్వాలి, తనిఖీ ఎవరు చెయ్యాలి, తప్పితే శిక్షేవిటి, అన్నీ రాసుకోవాలి. వీళ్ళకేమో రాసేవాళ్ళు లేరు. పెద్ద దేశం నుంచి నమూనా తెచ్చుకున్నారు గానీ, అది మండపేట రైసుమిల్లు దస్తావేజులో పేర్లు మార్చి కొబ్బరితోటకి పెట్టినట్టుంది."

మన దేశం ఆ ఒప్పందంలో లేదు కదా అన్నారు మాస్టారు.

"అందుకే నన్నడిగేరండి. ఏ పక్షమూ లేనివాడు కావాలి కదా. సరే, ఆయన నర్సాపురంలో రైలెక్కాలి, గోదావరి దాటడానికి ఇద్దరం సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కేం. పంటు కదిలింది, నా పెన్ను కదిలింది. ఒక పక్క మోటారు సైకిళ్ళు, ఒక పక్క గేదె, మధ్యలో నేను. అవతలి ఒడ్డుకి పంటు తగిలేసరికి ఒక దేశానికి చట్టం అయిపోయింది. ఆఖరి సెక్షను రాస్తుంటే గేదె కదిలి ఒక అక్షరం వంకర పోయింది. ఇప్పటికీ ఆ దేశపు చట్టంలో ఆ అక్షరం వంకరగానే అచ్చువేస్తున్నారు."

వింటున్నవాళ్ళు నవ్వేరు. దానం గ్లాసులు ఎడమచేత్తో కడుగుతూ తనూ నవ్వేడు. ఎలీసమ్మ నవ్వలేదు. అసలు అందులో ఏం రాసేరండీ అని అడిగింది.

"మన పద్ధతేనమ్మా. భూమి కొనేముందు ఈసీ తీయిస్తాం, ఆ భూమి ఎవరెవరి చేతులు మారిందో చూసుకుంటాం. తుపాకీకి మాత్రం అక్కర్లేదా? ఏ కంపెనీలో పుట్టింది, ఎవడు కొన్నాడు, వాడు ఎవడికి అమ్మేడు, ప్రతి తుపాకీకీ ఈసీ ఉండాలన్నాను. చెట్టు అమ్మేసి కాయలు నావే అనేవాడుంటాడు, అందుకని తూటాలతో సహా, విడిభాగాలతో సహా అన్నాను. మధ్యలో బ్రోకరుంటాడు, సరుకు ముట్టుకోడు, ఫోన్లో మాట్లాడి కమీషను పుచ్చుకుంటాడు, వాడికీ లైసెన్సు పెట్టేను. సరుకు మాది కాదండీ, ఓడ మా రేవులో ఆగిందంతే అంటారా, చోటిచ్చినవాడూ జవాబు చెప్పుకోవలసిందే అన్నాను. కొన్నవాడు ఇంకొకడికి అమ్మనని ముందే రాసివ్వాలి, ఇద్దరు సాక్షులుండాలి. అన్నిటికంటే ముఖ్యం, లైసెన్సు ఇచ్చేవాడు ముందు ఆలోచించాలి. ఇది ఎవరి చేతికి వెళ్తోంది, దీనివల్ల ఆడవాళ్ళకీ పిల్లలకీ హాని ఉందా. ఉందనిపిస్తే అక్కడితో ఆపెయ్యాలి. ఎంత పెద్దవాడు అడిగినా సరే."

"కత్తులు కూడా అందులోకి వస్తాయాండీ?" అంది ఎలీసమ్మ.

"మంచి మాట అడిగేవు. వాళ్ళ ఒప్పందంలో ట్యాంకులున్నాయి, విమానాలున్నాయి, తుపాకులున్నాయి, కత్తి లేదు. నేను చేర్చేను. పదునున్న ఏ ఇనుమైనా అని."

అయితే మన తోటలో, అని ఆమె మొదలుపెట్టింది. ఆయన చెయ్యెత్తి ఆపేరు. అసలు కథ ఇప్పుడు మొదలవుతోందన్నారు.

"ఆ చట్టం వాళ్ళ పార్లమెంటులో పెట్టేరండి. ఒక్కడు కూడా అడ్డు చెప్పలేదు, ప్రతిపక్షం వాళ్ళు కూడా మళ్ళీ చదవమన్నారు, వినసొంపుగా ఉందని. అది పక్క దేశానికి తెలిసింది, దాని పక్క దేశానికి తెలిసింది. ఒక పొద్దున్న చూద్దును కదా, రావులపాలెం నుంచి మన కొత్తపేట దాకా రాయబారుల కార్లు. ఒక్కొక్క కారుకీ ఒక్కొక్క జెండా. అరటిగెలల లారీలు కదలడానికి చోటు లేదు. మార్కెట్టువాళ్ళు వచ్చి గెలలు పండిపోతున్నాయి ఆదినారాయణ గారూ అని మొత్తుకున్నారు. ఏం చెయ్యను, కార్లని వరసలో పెట్టి కిటికీలోంచే రాసిచ్చేను. మంచుదేశం వాళ్ళకి మంచు హద్దులు, ఎడారి వాళ్ళకి ఇసక హద్దులు. పండిపోయిన గెలలు కూడా రాయబారుల చేతే కొనిపించేను."

తాను రోజూ రావులపాలెం నుంచే వస్తాననీ, ఒక్క జెండా కూడా ఎప్పుడూ కనబడలేదనీ బల్ల చివర కూర్చున్న మనిషి ఒకడు అన్నాడు.

"మీరు బస్సులో నిద్రపోయుంటారండి. సరే, ఇక ఆయుధాల కంపెనీల వాళ్ళు ఊరుకుంటారా? వీడెవడో కోనసీమలో కూర్చుని మన వ్యాపారం పాడుచేస్తున్నాడని ఒక ఓడ పంపేరు. అంతర్వేది దగ్గర సముద్రంలో ఆగింది. ఓడంటే మామూలు ఓడ కాదు, దాని నీడలో మన ఊరు మూడొంతులు పడుతుంది. నిండా ఫిరంగులు. నేను చేపల నావ ఎక్కి వెళ్ళేను. లుంగీ మీదే వెళ్ళేను, బట్టలు మార్చుకునే టైము లేదు. తెల్లబట్టల కెప్టెను పైనుంచి తొంగిచూసేడు. ఫిరంగులకి ఈసీ ఉందా అన్నాను. ఉందన్నాడు. చూపించేడు. అన్నీ చదివేను, ఒక ఫిరంగికి మాత్రం లింకు డాక్యుమెంటు తెగింది, మధ్యలో అమ్మినవాడెవడో తెలీదు. ఇది చెల్లదు, వెనక్కి తిప్పు అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఓడ ఎంత గాభరాగా తిరిగిందంటే, ఆ అలకి గోదావరి వెనక్కి నడిచి రావులపాలెం వంతెన దాటిపోయింది. పులసలు ఏటికెదురు ఈదే పని లేకుండా ఆ ఏడాది కూర్చున్నచోటునే ధవళేశ్వరం చేరేయి."

పులసల మాటకి అందరూ గట్టిగా నవ్వేరు. అబద్ధం రుచిగా ఉంటే జనం ఇంకో ముద్ద పెట్టమంటారు. ఆదినారాయణ గారికి ఇంకో టీ చెప్పేరు.

"అప్పుడు ఐక్యరాజ్యసమితి నుంచి పిలుపు వచ్చిందండి. వెళ్ళేను. పెద్ద హాలు, మన కొబ్బరితోటలు పది కలిపినంత. అన్ని దేశాల పెద్దలూ కూర్చున్నారు. ఒక్కొక్కళ్ళనే పిలిచి ఇక్కడ సంతకం, ఇక్కడ పొడి సంతకం, ఫొటో అంటించండి అన్నాను. చేస్తామన్నవాళ్ళున్నారు, ఆలోచిస్తామన్నవాళ్ళున్నారు. ఆలోచిస్తామన్నవాడి కళ్ళలోకి నేను చూసేను, అంతే, పెన్ను పట్టుకున్నాడు. ఒక చక్రవర్తిగారికి చెయ్యి వణికి సంతకం కుదరలేదు, ఎడమ బొటనవేలు పట్టి ముద్ర వేయించేను, వేలి సిరా కొబ్బరినూనెతో నేనే తుడిచేను. ఒక్క దేశం మిగల్లేదు. అందరూ పెట్టేరు."

అందరూ పెడితే మరి యుద్ధాలెందుకు జరుగుతున్నాయని మాస్టారు అడిగేరు.

"అక్కడికే వస్తున్నానండి. ఒకడు దొంగచాటుగా క్షిపణి వదిలేడు. అది గాల్లో సగం దూరం వెళ్ళింది. వెళ్ళి, ఆగింది. ఎందుకాగింది? దాని కాగితంలో రెండో సాక్షి సంతకం లేదు. గాల్లో నిలబడి కాసేపు ఆలోచించుకుని, వెనక్కి తిరిగి, వచ్చినదారినే వెళ్ళి, తన పెట్టెలో తనే పడుకుని మూత వేసుకుంది."

క్షిపణికి చట్టం ఎలా తెలుసండీ అన్నాడు బల్ల చివరి మనిషి.

"చట్టం తెలీదంటే కుదరదని మొదటి పేజీలోనే రాసేనండి," అన్నారు ఆదినారాయణ గారు.

ఆ నవ్వు రోడ్డు దాటి రిజిస్ట్రారు ఆఫీసు దాకా వినబడింది. ఆయన కొత్త గ్లాసు అందుకుని ఊదుకుంటూ తాగేరు. ఎలీసమ్మ పొయ్యి తగ్గించి, చేతులు తుడుచుకుని, ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

"బాబుగారండీ, నాగబాబుకిచ్చే కాగితంలో ఒక్క ముక్క రాయండి. తోటలో కత్తులు కట్టకూడదని. డింకీ పందేలు ఆడుకోమనండి. కత్తుల్లేకపోతే ఈయన్ని ఎవరూ పిలవరు."

ఆదినారాయణ గారు సంచి మీద చెయ్యి వేసుకున్నారు. తోట ఇవ్వడం వరకే తన పని అన్నారు. కోళ్ళు తనవి కావు, కత్తులు తనవి కావు, కట్టేవాడిని పిలిచేదీ తను కాదు. కత్తుల పందెం కోసమే జనం వస్తారు, లేకపోతే నాగబాబు ముమ్మిడివరం వైపు ఇంకో తోట చూసుకుంటాడు. పైగా కాగితంలో గ్రామీణ క్రీడలు అని ఉంటే, అందులో కత్తి అన్న మాట ఎలా దూరుస్తాను అని అడిగేరు.

"క్రీడలైతే కత్తులెందుకండీ," అన్నారు ఏసుపాదం మాస్టారు. "అదే రాసెయ్యండి."

దానం గ్లాసు కడగడం ఆపేడు.

"పిలిస్తే కాదనలేనండీ. నా చేతికొచ్చిన పని అదొక్కటే," అన్నాడు. "పిలవకుండా చూడండి."

ఆదినారాయణ గారు అతని చేతివైపు చూడకుండా రోడ్డువైపు చూసేరు. ఆ పొద్దుట మొదటిసారి గొంతు తగ్గించి, ఉన్న సంగతి చెప్పేరు.

"అలా రాస్తే నాగబాబు సంతకం పెట్టడమ్మా."

"అన్ని దేశాల చేతా పెట్టించేరు కదండీ," అంది ఎలీసమ్మ. "నాగబాబు ఒక్కడేనండి మిగిలింది."

రోడ్డు మలుపులోంచి నాగబాబు బండి వచ్చి కొట్టు ముందు ఆగింది. అతను దిగకుండానే, కాగితం తయారేనా బాబాయ్ గారూ, తొందరగా వెళ్ళాలి అన్నాడు.

ఆదినారాయణ గారు సంచిలోంచి కాగితం తీసి మోకాలి మీద పరుచుకున్నారు. చివరి షరతు కింద కొంచెం జాగా ఉంది. పెన్ను మూత తీసేరు.

"ఇంకా అవలేదు," అన్నారు. "దిగి కూర్చో."