మా ఆర్లెన్ ఒప్పుకోలేదు

పాస్టరు గారూ, పెద్దలారా, పిన్నలారా, మా మరదలు లీడా,

దుంపల కోత ఇంకా ముగియలేదు. నేల గడ్డకట్టేలోపు పెరక్కపోతే ఏడాది కష్టం మట్టిలోనే ఉండిపోతుంది. అది తెలిసి కూడా యంత్రాలు చేలో ఆపి, చేతులు కడుక్కుని వచ్చారు. మా తమ్ముడంటే మీకేమిటో దానితోనే తెలిసింది. మా కుటుంబం తరఫున మీకు దండం పెడుతున్నాను.

నేను ఆర్లెన్ హౌగెన్‌కి పెద్దక్కని. ముగ్గురు అక్కల తర్వాత పుట్టినవాడు వాడు. ఆఖరున వచ్చినవాడు ముందుగా వెళ్ళిపోయాడు. ఆ వరస దేవుడిది. ఆయన్ని అడగవలసింది పొద్దున్నే మోకాళ్ళ మీద అడుగుతున్నాను. ఇక్కడ అడగవలసింది వేరు.

నాకంటే ముందు ప్రూట్ గారు మాట్లాడారు. మన వ్యాలీ ఆరోగ్య సంఘానికి అధ్యక్షులు. మా తమ్ముడు కూర్చున్న పాలకమండలికి పెద్ద. చక్కగా మాట్లాడారు. "మొదట సందేహాలున్నా, సంఘం కొత్త రూపం ఎందుకు అవసరమో ఆర్లెన్ చివరికి అర్థం చేసుకున్నారు" అన్నారు. కొత్త కంపెనీ భవనంలో ఒక సభామందిరానికి ఆర్లెన్ పేరు పెడతామన్నారు. మీరు చప్పట్లు కొట్టబోయి, ఇది సంతాప సభ అని గుర్తొచ్చి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు.

ఆ చేతులు అక్కడే ఉంచండి.

మా ఆర్లెన్ ఒప్పుకోలేదు.

సభలో ఒప్పుకోలేదు, ఆ తర్వాత ఒప్పుకోలేదు, గుండె ఆగిన నాడు కూడా ఒప్పుకోలేదు. పోయినవాడు లేచి కాదనలేడు కదా అని వాడి నోట్లో మాట పెట్టడం ఏ మర్యాద, ప్రూట్ గారూ?

వాడెలాంటివాడో చెబుతాను. మా ఇంట్లో భోజనానికి ముందు నాన్న ప్రార్థన చేసేవాడు. పొడుగు ప్రార్థన. బంగాళాదుంపలు చల్లారిపోయేవి. చివర అందరం ఆమెన్ అనేవాళ్ళం. ఒకనాడు ఆర్లెన్ అనలేదు. ఇంతెత్తు పిల్లవాడు, కుర్చీ మీద దిండు వేసుకుని కూర్చునేవాడు. ఎందుకనలేదురా అని నాన్న అడిగితే, "ఆమెన్ అంటే సరే అని కదా నాన్నా. నేను మధ్యలో కిటికీలోంచి కుక్కని చూస్తున్నాను. విననిదానికి సరే అని ఎలా అంటాను?" అన్నాడు. నాన్న కళ్ళు మూసుకుని మళ్ళీ మొదట్నించీ ప్రార్థన చేశాడు. మేము అక్కలం బల్లకింద వాణ్ణి తన్నాం, ఆకలి మరి. ఈసారి వాడు విన్నాడు. ఆమెన్ అన్నాడు.

అలాంటివాణ్ణి మీరు పాలకమండలికి పంపించారు. పంపించింది మీరే. ప్రూట్ గారు కాదు.

ఎందుకంటే ఆ సంఘం మనది. ఆస్పత్రిలో పడితే పొలం అమ్ముకునే రోజుల్లో మన తాతలు పాలు పోసే కేంద్రంలో కూర్చుని కట్టుకున్నది. ఈ ఏడు నువ్వు పడితే మేం ఎత్తుతాం, వచ్చే ఏడు మేం పడితే నువ్వు ఎత్తు అనుకున్నారు. అంతే దాని శాస్త్రం. మిగిలింది పంచుకుపోయే యజమాని లేడు. బీమా కార్డు ఉన్న ప్రతివాడూ సభ్యుడే. ఆ సభ్యుడే పాలకుణ్ణి ఎన్నుకుంటాడు, నచ్చకపోతే దించుతాడు.

ఎమీలియా వైస్ ఇక్కడే ఉంది. ఆమె భర్తకి పక్షవాతం వచ్చాక మళ్ళీ నడక నేర్పే వైద్యం జరుగుతుంటే, ఇక చాలని సంఘం ఆఫీసు డబ్బు కట్టడం మధ్యలో ఆపేసింది. ఆమె ఫోను చేస్తే ఆగమని పాట వినిపించారు. ఆర్లెన్ ఆమెను తన బండిలో ఎక్కించుకుని పాలకమండలి సమావేశానికే తీసుకుపోయాడు. గుమ్మం దగ్గర అమ్మాయి అతిథి అని రాసిన చీటీ ఎమీలియా కోటుకి తగిలించింది. ఆర్లెన్ దాన్ని మెల్లగా తీసి ఆ అమ్మాయి చేతికే ఇచ్చేశాడు. "ఈవిడ ఈ ఇంటి మనిషమ్మా. అతిథులు లోపల కూర్చున్నారు, కావాలంటే వాళ్ళకి తగిలించు" అన్నాడు.

లోపల ఒక పెద్దమనిషికి కోపం వచ్చింది. పేరు చెప్పను, ముందు వరుసలోనే ఉన్నారు. "ఆర్లెన్, నువ్వు దుంపలు పండించుకో, పద్ధతులు మాకొదిలెయ్" అన్నారు. మావాడు నవ్వి, "దుంపకైనా మట్టి దులిపి చూశాకే తూకం వేస్తామండీ. మీ పద్ధతి కూడా కాస్త దులపనివ్వండి" అన్నాడట. ఎమీలియా అంతా చెప్పింది. వాళ్ళు విన్నారు. వైద్యం మళ్ళీ మొదలైంది. వైస్ గారు ఇవాళ వెనక వరుసలో ఉన్నారు. కర్ర తెచ్చుకోమంటే తెచ్చుకోలేదు, మహా పౌరుషం.

ఎమీలియాని ఆ గదిలోకి తీసుకెళ్ళగలిగింది దేనివల్ల? ఆర్లెన్ గొప్పవాడు కావడం వల్ల కాదు. ఆమె సభ్యురాలు కావడం వల్ల. వాడు ఆమె ఎన్నుకున్నవాడు కావడం వల్ల. ఇప్పుడు తీసేస్తున్నది ఆ ఒక్కటే.

మీకు చెప్పినదేమిటి? మీ కార్డు అదే, మీ డాక్టరు అతనే, ఏమీ మారదు అని. సంఘం లాభాపేక్ష లేని సంస్థగానే ఉంటుందని. అది అబద్ధం కాదు. అబద్ధమైతే పట్టుకోవడం తేలిక. సంఘం అలాగే ఉంటుంది. దాని పైన మాత్రం కొత్తగా ఒక మాతృసంస్థ వస్తుంది. ఆ మాతృసంస్థ లాభాల కంపెనీలు కొనవచ్చు, అమ్మవచ్చు. దాని పెద్దలను మనం ఎన్నుకోం, వాళ్ళను వాళ్ళే ఎన్నుకుంటారు.

ఆర్లెన్ నాకు ఫోను చేసి అడిగాడు. "అక్కా, నువ్వు అన్నీ చదువుతావు కదా. పిల్ల ముందు పుట్టి, పిల్లకి మనవలు పుట్టాక, అప్పుడు తల్లి పుట్టడం ఎక్కడైనా చదివావా?" నేను లేదన్నాను. "మా సంఘానికి పుడుతోంది" అన్నాడు.

మరి సభ్యుల సంగతి? ఆ సాయంత్రం లీడా వంట చేస్తుంటే వాడు కొత్త నియమావళి చదువుతూ నవ్వడం మొదలుపెట్టాడట. ఏమిటని అడిగితే, "లీడా, ఇకనుంచి సంఘానికి సభ్యులు ఎందరో తెలుసా? ఒక్కరే" అన్నాడు. ఎవరా అదృష్టవంతుడని ఈమె అడిగింది. "మనిషి కాదు. ఆ మాతృసంస్థే. ఏకైక సభ్యుడు అని రాశారు." లీడా గరిటె ఆపకుండానే, "దానికి జ్వరమొస్తే ఎవరు చూస్తారు పాపం" అందట. ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారట. తర్వాత ఆర్లెన్ అన్నం తినలేదు.

సభ్యుడు. ఎంత చిన్న మాట. మన తాతల నుంచి ఇంటింటా ఉన్న మాట. దాన్ని కొట్టేయలేదు, గమనించారా? మన దగ్గర్నుంచి తీసి ఒక కంపెనీకి తొడిగారు. మనకి వినియోగదారులు అని వేరే మాట ఇచ్చారు. వినియోగదారుడికి ఫోనులో పాట వినే హక్కుంటుంది.

ఇక ఈ మార్పుకి సభ్యుల ఒప్పుకోలు అడిగిన ఆ సభ. దాన్ని కళ్ళారా చూశాను. ఈ హాలుకి కిందనే, మన చర్చి నేలమాళిగలో. నేను బడి ఉద్యోగం వల్ల వేరే బీమాలో ఉన్నాను, సంఘంలో సభ్యురాలిని కాను. మన స్త్రీ సమాజం తరఫున కాఫీ పోయడానికి వచ్చాను. తీర్మానం చదివారు. సంఘం పాత నియమం ప్రకారం అధ్యక్షుడు ఒకే మాట అడుగుతాడు: ఎదురున్నవాళ్ళు లేవండి. లేచినవాళ్ళు సగం కన్నా తక్కువైతే నెగ్గినట్టే. అది మన తాతలు పెట్టిన నియమం. వాళ్ళు లేచే మనుషులు.

మనం? మనం కాఫీ కావాలా అంటే రెండుసార్లు వద్దని, మూడోసారి అడిగితే అర కప్పు చాలు అనే మనుషులం. నలుగురిలో లేచి నిలబడితే అమ్మ ఏమంటుందో అని అరవై ఏళ్ళొచ్చినా చూసుకునే మనుషులం. ఇల్లు తగలబడితే, ఇంకా ఘోరం కాలేదు, పర్లేదు అంటాం. అలాంటివాళ్ళని ఒక్కసారి అడిగితే ఏం చెబుతాం?

ప్రూట్ గారు పరాయివారు కాదు. ఈ లోయలో పుట్టి పెరిగినవారే. మనల్ని ఎన్నిసార్లు అడగాలో ఆయనకి తెలుసు.

ఒక్కసారే అడిగారు.

ఆర్లెన్ లేచాడు. మడత కుర్చీ వాడి వెనక పడిపోయింది. ఆ చప్పుడుకి అందరూ చూశారు. చూసి, మళ్ళీ ఒళ్ళోకి చూసుకున్నారు. నేనూ నిలబడే ఉన్నాను, కాఫీ కూజాతో. ఆ నిలబడటం లెక్కలోకి రాదు. వాడు అటూ ఇటూ చూడలేదు, ఎవరైనా లేస్తారేమో అని కూడా చూడలేదు. మిమ్మల్ని సిగ్గుపెట్టకూడదనుకున్నాడు. ప్రూట్ గారు "ఒకరు ఎదురు, తీర్మానం నెగ్గింది" అన్నారు. మీరు వరసలో కాఫీకి వచ్చారు. ఒక్కొక్కరూ నా దగ్గర గొంతు తగ్గించి, ఆర్లెన్ చేసింది మంచిపని అన్నారు. నాకెందుకు చెప్పారు?

తర్వాత ప్రూట్ గారు పొలానికి వెళ్ళి వాడితో మాట్లాడారు. గంటసేపు నచ్చజెప్పారు. ఆర్లెన్ మర్యాదగా విన్నాడు. చివర "అర్థమైంది, ప్రూట్ గారూ" అన్నాడు. లీడా పక్కనే ఉంది. ఇవాళ మీకు చెప్పిన అర్థం చేసుకోవడం అదీ. అయ్యా, పాముకాటు అంటే ఏమిటో అర్థమైతే కాటుకి ఒప్పుకున్నట్టా?

అది జరిగి వారం తిరక్కుండానే, దుంపలు లాగే యంత్రం శుభ్రం చేస్తూ షెడ్డులో కూలిపోయాడు. మీరు చంపారని నేను అనను. గుండె దేవుడి చేతిలోది. కానీ ఆ నేలమాళిగలో వాడి ఒంటరితనం దేవుడు ఇచ్చింది కాదు.

సభామందిరానికి వాడి పేరు ఇవ్వం. లీడా చెప్పమంది, చెబుతున్నాను. సభ్యులు లేని సంఘానికి సభామందిరం ఎందుకు?

ఒక పని ఇంకా మిగిలి ఉంది. రాష్ట్ర బీమా కమిషనరు సరే అనేదాకా ఆ మాతృసంస్థ పుట్టదు. మంగళవారం రాజధానిలో విచారణ. ఏ సభ్యుడైనా వెళ్ళి మాట్లాడవచ్చు, ఇప్పటికింకా మీరు సభ్యులే. ఆర్లెన్ వెళ్ళవలసింది. లీడా వెళుతోంది. ఆమెకి నలుగురిలో మాట్లాడటం రాదు. వెళుతోంది. ఆమె బండిలో చోటుంది. పొమ్మని నేను మిమ్మల్ని అడగను. దేవుడు అడుగుతాడేమో, అది మీకూ ఆయనకీ మధ్య మాట.

ప్రూట్ గారూ, మీ కోసం కూడా రోజూ ప్రార్థిస్తున్నాను. ఏమని అన్నది మీకు చెప్పను.

ప్రభువా, మా తమ్ముణ్ణి నీ దగ్గర కూర్చోబెట్టుకో. బాగా అలసిపోయి వస్తున్నాడు.

ఇప్పుడు ఆర్లెన్ కోసం అందరినీ మౌనంగా లేచి నిలబడమని కోరుతున్నాను. ఇది ఓటు కాదు, లెక్కపెట్టేవాళ్ళు లేరు. మన మొహమాటం నాకు తెలుసు కనుక, అడగవలసినన్నిసార్లు అడుగుతాను.

లేవండి.

దయచేసి లేవండి.

మా తమ్ముడి పక్కన లేవండి.

ఎవరికి వారే కూర్చోవచ్చు. కూర్చోమని మాత్రం నేను చెప్పను.