దీవెన అయ్యేదాకా ఉమ్మకూడదు

నారిన్ మైదానంలో మేక కళేబరం కోసం గుర్రాల మీద కొట్లాడుకునే ఆట మొదలవబోతోంది. తాత మాత్రం మనవడి గుర్రం కళ్లెం వదల్లేదు.

"వదులు తాతా, పిలుస్తున్నారు."

"నీ వోద్కా కంపుకి గుర్రమే తూలుతోందిరా. పెదవి కింద పొగాకు ముద్ద కూడానా? మొన్న ఎర్మెక్ ఇలాగే ఎక్కి, నడుం విరిగి ఆసుపత్రిలో పడ్డాడు."

"వాడికి స్వారీ రాదు."

"నువ్వు సింహానివి మరి! సరే, చేతులు చాపు, దీవిస్తాను. మధ్యలో ఉమ్మితే దీవెన చెడుతుంది, తెలుసుగా?"

"త్వరగా కానీ."

తాత ఏడు తరాల పెద్దల్నీ, వాళ్ల గుర్రాల్నీ, ఆ గుర్రాల తల్లుల్నీ పేరుపేరునా తలుచుకున్నాడు. మనవడి బుగ్గలు ఉబ్బాయి. చివరికి గుటక పడింది.

"తాతా... కడుపులో తిప్పుతోంది..."

"మింగేశావా, సింహమా? దిగి కక్కుకో. ఎర్మెక్ పక్క మంచం ఇవాళ్టికి ఖాళీగానే ఉంటుంది."