సప్పుడు లేని గల్లీ

ఎల్బీనగర్‌లో ఒక లోపలి గల్లీ. కిరాయికిచ్చే గది తాళం తీస్తోంది ఇంటావిడ. వెనకాల, నాలుగేళ్ల పాపను ఎత్తుకుని కాకినాడ నుంచి వచ్చిన తండ్రి.

“దిల్‌సుఖ్‌నగర్ల మెట్రో పక్కనే రూములు దొరుకుతయి గదా అన్నా. గింత లోపలికి ఎందుకొచ్చిన్రు?”

“నిన్న అక్కడే దిగామండి. వాళ్లమ్మ సామానుతో అక్కడే ఉంది. బస్సుల హారన్లు, షాపుల మైకులు. పాపకి కుదరదు.”

“సప్పుడుకు నిద్రపోదా?”

“నిద్రకేం లేదండి. కిటికీ కిందే పెళ్లి బ్యాండు వాయించినా కదల్లేదు.”

“మరి గీ పరేషాన్ ఎందుకు?”

“ఇక్కడ పెద్ద చప్పుళ్లేం ఉండవు కదండీ?”

“పోచంపల్లిల ఉన్నప్పుడు పొద్దంత మగ్గం సప్పుడే. గీడికొచ్చినంక మా కుక్కర్ విజిలే పెద్దది. బిడ్డ పేరేంది?”

“చైత్ర.”

“చైత్రా, గిటు సూడు బిడ్డా.”

“వినపడదండి. పుట్టినప్పటి నుంచీ అంతే. పోయిన నెల చెవికి ఆపరేషన్ చేసి వినికిడి మిషన్ పెట్టారు. రేపు మలక్‌పేట ఆసుపత్రిలో దాన్ని ఆన్ చేస్తారు. అన్ని చప్పుళ్లూ ఒక్కసారే మీద పడితే భయపడుతుందట. ముందు చిన్నవి, ఒక్కొక్కటీ వినిపించమన్నారు.”

“అయితే జర కుక్కర్ బంద్ పెడతా.”

“వద్దండి, పెట్టండి. ముందు ఒక మాట చెబితే చాలు, పాపకి చూపించి వినిపిస్తాం.”

“రేపు బిడ్డను మొదలు ఎవరు పిలుస్తరు?”

“వాళ్లమ్మ. నాలుగేళ్ల నుంచీ పిలుస్తూనే ఉంది.”

ఇంటావిడ తాళంచెవి అతని చేతిలో పెట్టింది.

“గట్లనా. అయితే నేను ఎల్లుండి పిలుస్త.”